ఎలుకలు మేత తగ్గించాయి, ఆకలి పుట్టించే హార్మోను గ్రెలిన్ మాత్రం కదల్లేదు: ఎక్కడ వెతకాలి?

కోనసీమ_ఫార్మ్:
అందరికీ నమస్కారమండీ. ఎం.ఫార్మ్ ప్రాజెక్టు సంగతి. విస్టార్ మగ ఎలుకలు, 180–220 గ్రాములవి, గుంపుకి ఆరు. ఒక ఆకు ఎక్స్‌ట్రాక్ట్ 200, 400 మి.గ్రా./కేజీ చొప్పున రోజూ ఉదయం 10 గంటలకి గావేజ్ (నోట్లోంచి పొట్టలోకి గొట్టంతో పొయ్యడం) వేస్తున్నాం. కంట్రోల్ గుంపు రోజుకి తలకి 18 గ్రాముల పెల్లెట్లు తింటుంటే 400 డోసు గుంపు 13కి పడింది. నాలుగో వారం చివర రాత్రంతా పస్తుంచి, కెటమిన్-జైలజిన్ ఇచ్చి కంటి వెనక నుంచి రక్తం తీశాం. టోటల్ గ్రెలిన్‌లో తేడా లేదు. కొవ్వు నుంచి వచ్చే హార్మోను లెప్టిన్ తగ్గింది. గ్లూకోజ్ అన్ని గుంపుల్లోనూ ఎక్కువే వచ్చింది. "ఆకలి తగ్గించే హార్మోనేదో పెరిగే ఉంటుంది, అదేంటో కొలిచి రాయి" అంటున్నారు గైడుగారు. కేజ్‌కి మూడు ఎలుకలు, కింద పరుపు మిల్లు ఊక. ఆకలి తగ్గించే పేగు హార్మోన్లలో సీసీకే కొలవాలా, జీఎల్‌పీ-1 కొలవాలా? రెండు కిట్లు కొనే డబ్బు లేదండి.

వశిష్ఠ_గట్టు:
ఏ కిట్టూ కొనకండి ఇంకా. ముందు ఆ 13 నిజంగా 13 అవునో కాదో చూడాలి.

కేజ్‌కి మూడు అన్నారు. అంటే గుంపుకి రెండే కేజ్‌లు. తొట్టిలో తగ్గిన మేతని మూడుతో భాగించి తలకి ఇంత అని రాశారు కదా, అప్పుడు మీ దగ్గర ఉన్నవి ఆరు అంకెలు కావు, రెండు. మేతకి సంబంధించినంత వరకు కేజే యూనిట్. రెండు అంకెలతో టీ-టెస్ట్ చేస్తే ఏ ఎగ్జామినరైనా అక్కడే ఆపుతాడు. పైగా మూడింట్లో ఒకటి జబ్బుపడి తినడం మానేసినా సగటులో అది "ఆకలి తగ్గింది" అనే కనిపిస్తుంది.

రెండోది ఊక. మన వైపు మిల్లుల నుంచి వచ్చే ఊకలో నూక, తవుడు ఎంత ఉంటాయో మీకు తెలియంది కాదు. ఎలుకకి అది పరుపు కాదు, రెండో కంచం. కంట్రోల్ గుంపూ తింటుంది కాబట్టి తేడా రాదనుకుంటారేమో. అలా ఏం కాదు. గావేజ్ వల్ల గొంతు ఒరుసుకుపోయిన ఎలుక గట్టి పెల్లెట్ వదిలేసి మెత్తని నూక ఏరుకుంటుంది. మీ లెక్కలో అది పస్తున్నట్టే. ఊకే వాడాలంటే జల్లెడ పట్టి, చేటతో చెరిగి, 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేసి, పూర్తిగా ఆరాకే వెయ్యాలి. తడి ఊకకి రెండు రోజుల్లో బూజు పడుతుంది. మొక్కజొన్న కండె పొడి వెయ్యమని కొందరు చెబుతారు. దాన్నీ కొరుకుతాయి, పైగా అందులో ఈస్ట్రోజన్ వ్యవస్థని కదిపే పదార్థాలు ఉన్నాయి. ఆకలి మీద పనిచేసేవాళ్ళకి అది కొత్త తలనొప్పి. కొలిచే రోజుల్లో మాత్రం అడుగున వైరు జాలీ, దాని కింద బ్లాటింగ్ కాగితం పెట్టండి. జాలీ మీద వారాల తరబడి ఉంచితే అరికాళ్ళు పుండ్లు పడతాయి.

మూడోది ఆ కాగితం మీద రాలిన పొడి. కొన్ని ఎలుకలు పెల్లెట్‌ని తినకుండా గోకి పోగు పెడతాయి, ఆ అలవాటు తలకొక తీరు. రాలిన దాన్ని ఏరి, లెండె తీసేసి, మూత్రంతో తడిసి ఉంటుంది కాబట్టి 60 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక మారదన్నంత వరకు ఎండబెట్టి తూచాలి. అప్పుడు పెట్టిన మేతకీ పొడి బరువే లెక్కగట్టాలి. ఒకవైపు తడి, ఒకవైపు పొడి పనికిరాదు.

కోనసీమ_ఫార్మ్:
కేజే యూనిట్ అన్న మాట మా దగ్గర ఎవరూ చెప్పలేదండి. విడివిడిగా ఒక్కో ఎలుకనీ పెడితే సరిపోతుందా?

అత్తిలి_కాలువ:
పెట్టండి, కానీ పెట్టిన మర్నాడే కొలవకండి. ఒంటరి చేసిన ఎలుక మొదట్లో తక్కువ తింటుంది, ఒత్తిడి హార్మోను కార్టికోస్టిరోన్ పెరిగి ఉంటుంది. కనీసం వారం అలవాటు పడనిచ్చి, వరసగా మూడు రోజుల మేత, బరువు నిలకడగా ఉన్నాకే బేస్‌లైన్ రాయాలి. ఆ వారంలోనే గావేజ్ గొట్టానికి కూడా మందు లేని ఉత్త సీఎంసీతో (మందు కలిపే జిగురు ద్రావణం) అలవాటు చెయ్యండి.

వశిష్ఠ_గట్టు గారు చెప్పని సంగతొకటి ఉంది. మన గోదావరి జిల్లాల్లో వానాకాలం గాలి తేమ. పెల్లెట్ తేమ పీల్చుకుని బరువెక్కుతుంది, దాంతో ఎలుక తిన్నది తక్కువగా కనిపిస్తుంది. ఎలుక లేని ఖాళీ కేజ్‌లో కూడా అదే మేత 100 గ్రాములు తూచి అదే ర్యాకులో పెట్టాలి. మర్నాటికి అది 102 అయితే, మిగిలిన మేతని 1.02తో భాగించాలి. ఉదాహరణకి 100 పెట్టారు, 84 మిగిలింది. చూడ్డానికి 16 తిన్నట్టు. నిజానికి 84 బై 1.02 అంటే 82.4, తిన్నది 17.6. మీకు వచ్చిన తేడాయే 5 గ్రాములు, అందులో ఇది చిన్న ముక్కేం కాదు. కంట్రోల్ గుంపు వేసవిలో, డోసు గుంపు శ్రావణంలో నడిపితే మరీ ఘోరం.

ఇంకా గదిలో ఏసీ ఎన్ని గంటలు పనిచేస్తోంది? ఎలుకలకి 22 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. 30 దాటితే ఒంట్లో వేడి పుట్టించుకునే పని ఉండదు, మేత దానంతటదే తగ్గుతుంది. కిటికీ వైపు ర్యాకులో ఒక గుంపు, గోడ వైపు ఒక గుంపు పెట్టడం మానేసి, వారానికోసారి కేజ్‌లు స్థానం మార్చండి.

రాత్రి_డ్యూటీ:
లైటు సంగతి ఎవరూ అడగలేదేం? ఎలుక తిండిలో ముప్పావు వంతు పైనే చీకట్లో తింటుంది. చీకటి పడగానే ఒక ఉధృతి, తెల్లవారే ముందు ఇంకొకటి. మీరు గావేజ్ వేసేది ఉదయం పదింటికి. అప్పటికి అది రాత్రంతా తిని పొట్ట నిండా పెట్టుకుని పడుకుంటుంది. మీ మందు పనిచేసే నాలుగైదు గంటలూ అది ఎలాగూ తినని గంటలే. రాత్రి ఎనిమిదింటికి తినడం మొదలుపెట్టేసరికి మందు ఒంట్లో ఎంత మిగిలింది? ఆకలి మందుని లైటు ఆరడానికి అరగంట, గంట ముందు ఇవ్వాలి. తర్వాత 1, 2, 4, 12, 24 గంటలకి తూచాలి. చీకట్లో తూచేటప్పుడు మసక ఎర్ర బల్బు, అంతే. సెల్‌ఫోన్ టార్చి వెలిగించారా, ఆ రాత్రి పోయినట్టే.

సాయంత్రం రాలేమంటే లైటు చక్రం తిప్పుకోండి, పొద్దున ఆరి రాత్రి వెలిగేలా. ఎలుకలు సర్దుకోవడానికి రెండు వారాలు వదలాలి.

టైమరు ఏ రకం? తిరిగే బిళ్ళ టైమరైతే కరెంటు పోయినప్పుడల్లా అదీ ఆగిపోతుంది. గంట కోత పడితే లైటు గంట ఆలస్యంగా వెలుగుతుంది, గంట ఆలస్యంగా ఆరుతుంది. ఎవరూ సరిచెయ్యకపోతే కార్తీకం తుఫాన్లు అయ్యేసరికి మీ "రాత్రి" ఎక్కడుంటుందో చెప్పలేం. బ్యాటరీ బ్యాకప్ ఉన్న డిజిటల్ టైమరు పెట్టండి. తలుపు కింద సందులోంచి కారిడార్ వెలుగు పడుతోందేమో చూడండి. రాత్రంతా మసక వెలుగు ఉన్నా చిట్టెలుకలు పగలు తినడం మొదలుపెడతాయి, తిన్నది అంతే అయినా లావెక్కుతాయి.

లంకగన్నేరు:
కొలత సంగతి వీళ్ళు చక్కగా చెప్పారు. హార్మోన్ల వైపు నేను రాస్తాను, కాస్త పొడవు అవుతుంది.

మీ దగ్గరున్న రక్తం ఏం చెబుతోందో చూద్దాం. లెప్టిన్ తగ్గిందన్నారు. లెప్టిన్ కొవ్వు కణాల నుంచి వస్తుంది, ఒంట్లో కొవ్వు ఎంతుందో అంత. నాలుగు వారాలు తక్కువ తిని కొవ్వు కరిగిన ఎలుకలో లెప్టిన్ తగ్గక తప్పదు. లెప్టిన్ తగ్గితే ఆకలి పెరగాలి. కాబట్టి అది తక్కువ తినడానికి కారణం కాదు, ఫలితం. థీసిస్‌లో దీన్ని "మెకానిజం" అని రాస్తే తిరగేసి రాసినట్టే.

గ్రెలిన్ కదల్లేదంటే ఆశ్చర్యం లేదు. మీరు అన్నిటినీ రాత్రంతా పస్తుంచారు. ఎలుకకి రాత్రి పస్తు అంటే మనకి ఒక పూట మానేసినట్టు కాదు, రోజు తిండి మొత్తం పోయినట్టు. అన్ని గుంపుల్లోనూ గ్రెలిన్ పై అంచుకి చేరి ఉంటుంది, ఇక తేడా ఎక్కడ కనిపిస్తుంది? గ్లూకోజ్ అందరిలో ఎక్కువ రావడం జైలజిన్ పని. అది ఇన్సులిన్ విడుదలని ఆపుతుంది. ఆ ప్లాస్మాలో ఇన్సులిన్ కూడా కొలవాలనుకుంటే మానెయ్యండి.

ఇక అసలు ప్రశ్న. "ఏ హార్మోను" అని అడిగే ముందు ఎలుక ఎలా తక్కువ తిన్నదో తెలియాలి. రోజు మేత అంటే రాత్రి పొడుగునా గ్రాము, రెండు గ్రాముల చొప్పున తినే చిన్న చిన్న భోజనాల మొత్తం. రెండు రకాలుగా తగ్గొచ్చు: ఒక్కో భోజనం చిన్నదవ్వొచ్చు, లేదా భోజనాల సంఖ్య తగ్గొచ్చు. ఈ రెండింటినీ నడిపే హార్మోన్లు వేరు.

సీసీకే చిన్నపేగు మొదట్లో కొవ్వు, ప్రొటీన్ తగిలినప్పుడు వస్తుంది, వేగస్ నాడి ద్వారా వెనక మెదడుకి కబురు పంపుతుంది. గిబ్స్, యంగ్, స్మిత్ 1973లో ఎలుకలకి దీన్ని ఎక్కించి భోజనం చిన్నదవుతుందని చూపించారు. అయితే ప్రతి భోజనానికీ సీసీకే ఇస్తూ పోతే ఎలుక చిన్న భోజనాలు ఎక్కువసార్లు తిని లెక్క సరిచేసుకుంటుంది, రోజు మొత్తం పెద్దగా మారదు. ఇది 1984లోనే తేలింది. మీ ఎలుకలు నాలుగు వారాలు 24 గంటల మొత్తమే తగ్గించాయి. ఒక్క సీసీకేతో అది జరగదు. కిట్టు డబ్బు మిగిలింది చూడండి.

గ్రెలిన్ దీనికి ఎదురు. కోజిమా, కంగావా 1999లో ఎలుక పొట్టలోంచే దీన్ని వేరు చేశారు. 28 అమైనో ఆమ్లాలు, మూడో సెరీన్ మీద ఆక్టనాయిల్ తోక. ఆ తోక ఉంటేనే దాని రిసెప్టర్‌కి పట్టుకుంటుంది. భోజనానికి ముందు పెరుగుతుంది, తిన్నాక పడుతుంది, బయటినుంచి ఇస్తే భోజనాల సంఖ్య పెరుగుతుంది. అయినా గ్రెలిన్ జన్యువు తీసేసిన చిట్టెలుకలు దాదాపు మామూలుగానే తింటాయి. కాబట్టి గ్రెలిన్ మారకపోతే మందు అబద్ధమని కాదు, మారితే నిజమనీ కాదు.

దీర్ఘకాలపు లెక్క లెప్టిన్‌ది. అమెరికాలో బార్ హార్బర్‌లో కోల్మన్ చేసిన జంట ప్రయోగాలు చదవండి. డీబీ, ఓబీ అనేవి జన్యులోపంతో లావెక్కే రెండు రకాల చిట్టెలుకలు: డీబీ చిట్టెలుకనీ ఓబీ చిట్టెలుకనీ రక్తం కలిసేలా కుడితే ఓబీది తిండి మాని చచ్చిపోయింది, డీబీ లావుగానే ఉంది. ఓబీలో కబురు లేదు, డీబీలో కబురు అందుకునేది లేదు. ఆ కబురే లెప్టిన్ అని ఫ్రీడ్మన్ బృందం 1994లో జన్యువుని పట్టుకుంది. మన దగ్గరా హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ కాలనీలో 1996లో విస్టార్ నుంచే పుట్టుకొచ్చిన డబ్ల్యూఎన్‌ఐఎన్-ఓబీ లావు ఎలుకలు ఉన్నాయి. వాటికి లెప్టిన్ రక్తంలో బోలెడు ఉంటుంది, అయినా తింటూనే ఉంటాయి.

ఈ కబుర్లన్నీ చేరేది మెదడు అడుగునున్న హైపోథాలమస్‌లో ఆర్క్యుయేట్ అనే భాగానికి. అక్కడ ఏజీఆర్‌పీ-ఎన్‌పీవై న్యూరాన్లు తిను అంటాయి, పీఓఎంసీ న్యూరాన్లు ఆపు అంటాయి. ఎదిగిన చిట్టెలుకలో ఏజీఆర్‌పీ న్యూరాన్లు చంపేస్తే తిండి మానేస్తుంది. పుట్టగానే చంపితే మాత్రం ఎలాగో సర్దుకుంటుంది. మీ కాలేజీలో ఆర్‌టీ-పీసీఆర్ ఉంటే పస్తు లేని ఎలుకల్లో ఆ రెండిటి ఎంఆర్‌ఎన్‌ఏ చూడటం సీసీకే కిట్టు కంటే ఉపయోగం. హైపోథాలమస్‌ని చంపిన రెండు, మూడు నిమిషాల్లో తీసి ఫ్రీజ్ చెయ్యాలి.

అనపర్తి_షెడ్డు:
ఆయ్, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మేం లేయర్ కోళ్ళ వాళ్ళం. ఈ గ్రెలిన్ ఏదో దాణాలో కలిపితే కోళ్ళు బాగా తింటాయా?

లంకగన్నేరు:
తినవండి. కోడిపిల్లల్లో గ్రెలిన్ తిండిని తగ్గిస్తుంది, ఎలుకలకి పూర్తిగా వ్యతిరేకం. పైగా అది పెప్టైడు. దాణాలో కలిపితే పొట్టలోనే అరిగిపోతుంది. చేపల్లోనూ లెక్క వేరు, లెప్టిన్ ఎక్కువగా వచ్చేది కాలేయం నుంచి. ఎలుకలో చూసింది చెరువుకీ షెడ్డుకీ మోసుకెళ్ళకూడదు.

తూర్పు_లాకులు:
గ్రెలిన్ కొలత మీద నా మాట. మీరు కొలిచింది టోటల్. అందులో తోకున్నది చిన్న భాగమే, మిగతాది తోక ఊడిన డెస్-ఎసైల్. అసలుది సగమైనా టోటల్‌లో కనిపించకపోవచ్చు.

తోకున్నదాన్ని పట్టుకోవాలంటే రక్తం తీసే ముందే అంతా సిద్ధంగా ఉండాలి. రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులు ఐసులో, వాటిలో ముందే ఎంజైములని ఆపే ఏఈబీఎస్‌ఎఫ్ లాంటి ఇన్హిబిటర్. ప్లాస్మాలోని ఎస్టరేజు ఎంజైములు తోకని నిమిషాల్లో కోసేస్తాయి. వెంటనే 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్, విడదీసిన ప్లాస్మా ప్రతి మి.లీ.కీ 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మైక్రోలీటర్లు కలిపి, చిన్న భాగాలు చేసి మైనస్ 80లో పెట్టాలి. తీసి, కరిగించి, మళ్ళీ పెట్టే ఆటలొద్దు. ఆమ్లం కలిపిన ప్లాస్మాని వేరే హార్మోన్లకి వాడకండి, దానికి ముందే పక్కకి తియ్యండి. జీఎల్‌పీ-1కైతే దాన్ని కోసే డీపీపీ-4 ఎంజైముని ఆపే ఇన్హిబిటర్ ఉండాలి. రక్తంలో దాని అర్ధాయువు ఒకటి రెండు నిమిషాలే. ప్లాస్మా ఎర్రగా వస్తే ఇన్సులిన్‌కి పనికిరాదు, పగిలిన ఎర్రకణాల్లోని ఎంజైము దాన్ని తినేస్తుంది.

ఎంత తియ్యొచ్చు అంటే, కేజీకి 64 మి.లీ. రక్తం అనుకుంటే 250 గ్రాముల ఎలుకకి 16 మి.లీ. బతికుండాలంటే ఒకసారికి 1.6 మించకూడదు. పస్తు అవసరమైతే 4–6 గంటలు చాలు, అదీ పగటి పూట.

కోనసీమ_ఫార్మ్:
చాలా థాంక్సండీ అందరికీ. మరి భోజనం సైజు, సంఖ్య ఎలా తెలుస్తుంది? ఆటోమేటిక్ తూకం కేజ్‌లు మా దగ్గర లేవు.

వశిష్ఠ_గట్టు:
రాత్రి చూసే కెమెరా ఒకటి, తొట్టి కింద 0.1 గ్రాము తూచే స్కేలు ఒకటి ఫ్రేములోకి వచ్చేలా పెట్టండి. వీడియో చూసి రాసుకోవడమే. 0.3 గ్రాము కంటే తక్కువ కొరికితే భోజనం కిందికి రాదు. రెండు భోజనాల మధ్య పది, పదిహేను నిమిషాల విరామం ఉండాలి. ఏ అంకె పెట్టుకున్నా మొదట్లోనే పెట్టుకుని అన్ని గుంపులకీ అదే వాడండి. ఫలితం చూశాక విరామం మార్చడం కుదరదు.

ఆ వీడియోలోనే ఇంకో సంగతి దొరుకుతుంది. కడుపు నిండిన ఎలుక తినడం ఆపి, ఒళ్ళు నాక్కుని, అప్పుడు పడుకుంటుంది. మీ ఎలుక తినకుండానే ఒక మూల ముడుచుకుని, బొచ్చు నిక్కపొడుచుకుని కూర్చుంటే అది తృప్తి కాదు, కడుపులో తిప్పటం. 400 మి.గ్రా. ముడి ఎక్స్‌ట్రాక్ట్‌కి నాకున్న అనుమానం అదే. టానిన్లు ఎక్కువున్న ఆకైతే మరీను.

లంకగన్నేరు:
అవును, ఇది తేలకుండా హార్మోను జోలికి వెళ్ళడం దండగ. ఎలుకకి వాంతి రాదు. వికారం పుడితే మట్టి తింటుంది. దాన్నే వాడుకుని కేయొలిన్ (తెల్ల బంకమట్టి) పరీక్ష చేస్తారు. మామూలు మేత పక్కనే కేయొలిన్ బిళ్ళలు పెట్టి కనీసం మూడు రోజులు అలవాటు చేసి, తర్వాత మందు ఇచ్చి 24 గంటల్లో మట్టి ఎంత తిన్నదో తూచాలి. వికారం పుట్టించే లిథియం క్లోరైడ్ ఇచ్చిన గుంపుని పోలికకి పెట్టుకోండి. మందు గుంపు మట్టి తిన్నదా, మీ కథ మారిపోతుంది.

పొట్ట ఖాళీ అయ్యే వేగం కూడా చూడండి, ఖర్చు లేదు. 1.5 శాతం మిథైల్ సెల్యులోజ్‌లో 0.05 శాతం ఫినాల్ రెడ్, ఎలుకకి 1.5 మి.లీ. గావేజ్. 20 నిమిషాలకి పొట్ట తీసి, సోడియం హైడ్రాక్సైడ్‌లో నలిపి, ప్రొటీన్ తీసేసి 560 నానోమీటర్ల దగ్గర చదవడం.

అత్తిలి_కాలువ:
బరువు తగ్గింది మందు వల్లా, తక్కువ తినడం వల్లా అని కూడా అడుగుతారు. పెయిర్-ఫెడ్ గుంపు పెట్టాలి: మందు ఎలుక నిన్న ఎంత తిన్నదో అంతే ఇవాళ జత ఎలుకకి. మొత్తం ఒకేసారి పడెయ్యకండి, గంటలో ఊడ్చేసి మిగతా 23 గంటలు పస్తుంటుంది, దాని గ్రెలిన్ లయే మారిపోతుంది. కనీసం రెండు వాయిదాల్లో, ఎక్కువ భాగం లైటు ఆరేముందు.

పాజిటివ్ కంట్రోల్ (మేత తగ్గిస్తుందని ముందే తెలిసిన మందు) ఏం పెట్టారు? ఏమీ లేదనుకుంటా.

తూర్పు_లాకులు:
సీసీకే-8 తేలిక. 4 మైక్రోగ్రాములు/కేజీ, ఉదర కుహరంలోకి ఇంజెక్షన్, కొద్ది గంటల పస్తు తర్వాత, మేత తిరిగి పెట్టడానికి ఐదు నిమిషాల ముందు. 30 నిమిషాల మేత చూడాలి. సల్ఫేట్ ఉన్నదే కొనండి, సల్ఫేట్ లేనిది చౌకగా దొరుకుతుంది, తిండి మీద పనిచెయ్యదు. పలచని ద్రావణం ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది, 0.1 శాతం ఆల్బుమిన్ కలపండి. మీ సెటప్‌లో సీసీకేకి కూడా 30 నిమిషాల మేత తగ్గలేదంటే తప్పు మందుది కాదు, తూకానిది. ఒక రోజు మందు, రెండు మూడు రోజులు విరామం, మరో రోజు సెలైన్, ఇలా అదే ఎలుకలో తిప్పి చేస్తే తక్కువ ఎలుకలు చాలు.

రాత్రి_డ్యూటీ:
కేయొలిన్, ఒంటరి కేజ్, కొత్త గుంపు: ఇవేవీ మీ పాత ఫారం-బిలో (జంతు ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తు) ఉండవు. మొదలుపెట్టే ముందు ఐఏఈసీకి (కాలేజీ జంతు నైతిక కమిటీ) సవరణ పెట్టుకోండి. ఆమోదం లేని ఎలుకల అంకెలు ఎంత బాగున్నా ఏ పత్రికా తీసుకోదు.

కోనసీమ_ఫార్మ్:
సవరణ రాస్తున్నానండి. ఒక్కటే అడుగుతాను, కేయొలిన్ బిళ్ళలు బయట కొనాలా?

లంకగన్నేరు:
చేసుకోవచ్చండి. ఫార్మా గ్రేడు కేయొలిన్ 99 పాళ్ళు, తుమ్మజిగురు పొడి 1 పాలు, డిస్టిల్డ్ నీళ్ళతో చపాతీ పిండిలా గట్టిగా కలిపి, సూది తీసేసి మూతి కోసిన సిరంజిలోంచి ఒత్తి, మీ మేత పెల్లెట్ల సైజుకి కొయ్యండి. మూడు రోజులు గది గాల్లో ఆరాలి అని రాసి ఉంటుంది, అది మన వానాకాలానికి సరిపోదు. పైన గట్టిగా, లోపల తడిగా ఉండిపోతాయి. ఆ తడి కేజ్‌లో ఆరుతుంటే ఎలుక తిననిది కూడా తిన్నట్టు బరువు తగ్గుతుంది. 40 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, రోజు తేడాతో రెండు తూకాలు ఒకటే వచ్చాక వాడండి. ఖాళీ కేజ్‌లో పెల్లెట్లతో పాటు రెండు కేయొలిన్ బిళ్ళలు కూడా పెట్టడం మర్చిపోకండి.